చిలక అడిగిన మందు

నాలుగో బాయి, జనలెక్క పుస్తకం. రాసేది శంకరమ్మ, లెక్క మనిషి.

రోజు 112

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. నాకు ముందు ఈ పని చేసిన గట్టయ్య తాత ఇరవై రెండేళ్ళు ఆ నియమం తప్పలేదు. ఎన్ని దగ్గులు, ఎన్ని పురుళ్ళు, ఎన్ని చావులు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఏది ఎందుకు జరిగిందో ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఆ పుస్తకాలు ఎవరూ చదవరు. నేను మాత్రం మాటలు కూడా రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు అంకెలు ఏరుకుని చదువుకోవచ్చు.

గాలి పంకాలు రెండూ తిరుగుతున్నాయి. సంపులో నీళ్ళు మోకాలి లోతు. పుట్టగొడుగుల గదిలో రెండో వరుస కుళ్ళిపోయింది, తీసి పారేశాం. పైన నేల మీద ఎండ అరవై ఒక్క డిగ్రీలు. మా బతుకంతా ఈ గని అడుగునే, పైకి వెళ్ళాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఉదయం చైర్మన్ పురుషోత్తం సారు చిలక సంగతి మాట్లాడాలని పిలిచాడు. చిలక అంటే ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడలో బిగించిన పెట్టె. నెలకోసారి తియ్యని గొంతుతో ప్రశ్నలు అడిగి, జవాబులు లెక్కగట్టి నాకు పంపుతుంది. ఈ నెల తాగుడు గురించి కూడా అడగాలి. నూట నలభయ్యో రోజున ఆసుపత్రిలో విడుపు గది తెరుస్తున్నారు. తాగుడు మానాలనుకునేవాళ్ళకు ఆరు పడకలు. చిలక చెప్పే లెక్కను బట్టి మగవాళ్ళకు ఎన్ని, ఆడవాళ్ళకు ఎన్ని అని పంచుతారు.

పరీక్షకని నిన్న "మద్యపానం చేస్తారా?" అని పెట్టాను. మొదటి వరుసలో నాలుగిళ్ళవాళ్ళు ఆ మాట వినగానే చిలక మీద తువ్వాల కప్పేశారు.

"మద్యపానమంటే పోలీసు కేసు లెక్క వినపడుతది శంకరమ్మా," అన్నాడు చైర్మన్. "జర మర్యాదగ అడుగు. ఇంట్ల మాట్లాడుకున్నట్టు అడుగు."

ఇంట్లో మాట్లాడుకున్నట్టే మార్చాను. "వారంలో ఎన్ని రోజులు మందు తీసుకుంటారు? రోజుకు ఎన్నిసార్లు?" చైర్మన్ రెండుసార్లు వినిపించుకుని, ఇప్పుడు బాగుందన్నాడు.

వరుసలో మొదటి గది నాదే. సాయంత్రం సైరన్ కాగానే చిలక ముందు నన్నే అడిగింది. "తీసుకోను," అన్నాను.

అబద్ధం చెప్పాను. రోజుకు మూడు గ్లాసులు తాగుతాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

రోజు 115

మొదటి షిఫ్టు దిగాక పంపు గది వెనక్కి వెళ్ళాను. ఓదెమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. ఓదెమ్మ డ్రిల్లు నడుపుతుంది. కొత్త గదుల కోసం రాయి తొలిచే పని. ఈ బాయిలో డ్రిల్లు మీద కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే, పన్నెండేళ్ళయింది. రాతిలో వెంట్రుకంత పగులు ఉన్నా చప్పుడు విని చెప్పేస్తుంది. ఇవాళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నోటిదాకా రాలేదు.

మేం తాగేది గడ్డసారా. చిలగడదుంపల తొక్కలతో కాస్తారు. దాని వాసన గురించి రాయడానికి ఈ పుస్తకం సరిపోదు.

"నీ కండ్లు పచ్చగైనయి," అన్నాను.

"దీపం రంగు," అంది.

"దీపం తెల్లగున్నదే."

నవ్వింది. పోయినేడు ఓదెమ్మ తనంతట తాను మానాలని చూసింది. రెండో రోజు రాయి మోసే బెల్టు పక్కన ఫిట్స్ వచ్చి పడిపోయింది. పక్కనున్నవాళ్ళు లాగకపోతే బెల్టులోకి పోయేది. ఒంటరిగా మానితే మళ్ళీ ఫిట్స్ వస్తాయని, మానకపోతే కాలేయం ఈ ఏడు దాటదని డాక్టర్ తబస్సుమ్ చెప్పింది. అంటే ఓదెమ్మ బతకాలంటే విడుపు గదిలో ఒక పడక కావాలి. నాకు ఈ నెలంతా ఇది ఒక్కటే పని. మిగతావన్నీ ఉద్యోగం.

మగవాళ్ళు షిఫ్టు దిగి హాజరు గది ముందు బెంచీల మీద కూర్చుని తాగుతారు. దారిన పోయేవాళ్ళను పలకరిస్తారు. మేం పంపు చప్పుడు చాటున తాగి, దాల్చినచెక్క నమిలి ఇంటికి పోతాం. మా అమ్మమ్మ చెప్పేది, పైన ఉన్న రోజుల్లో నాట్లు వేసి వచ్చి ఆడా మగా కల్లు మండువాలో ఒకే చోట కూర్చునేవాళ్ళట. ముంత చేతిలో పెట్టుకునే పాట అందుకునేదట. కిందికి దిగేటప్పుడు ఎన్నో వదిలేసి వచ్చాం. ఆ బెంచీ మీద మా చోటు కూడా పైనే ఉండిపోయింది.

రోజు 124

చిలక లెక్క వచ్చింది. మూడుసార్లు చూసుకున్నాను. అంకె మారలేదు.

ఆడవాళ్ళు 610. మందు తీసుకునేవాళ్ళు 538, అందరూ రోజూ, ఎక్కువమంది రోజుకు మూడుసార్లు. మగవాళ్ళు 640. మందు తీసుకునేవాళ్ళు 25.

హాజరు గది గోడ మీద సుద్దతో గీతలు గీయడం నా పని. ఎర్ర సుద్ద మగవాళ్ళది, నీలం సుద్ద ఆడవాళ్ళది. ఎర్ర గీత నేల మీద పాకింది. నీలం గీత కోసం స్టూలు ఎక్కాల్సి వచ్చింది. గీస్తున్నప్పుడే ఎక్కడో తేడా ఉందని తెలుసు. కానీ ఇంత లెక్క వస్తే ఆరింటిలో కనీసం అయిదు పడకలు ఆడవాళ్ళవే అవుతాయి. అందుకని నోరు మూసుకుని గీశాను. ఇది నా రెండో తప్పు.

బెంచీల మీద గ్లాసులు పట్టుకుని కూర్చున్న మగవాళ్ళు ఆ గోడ చూసి పడిపడి నవ్వారు.

రోజు 125

నవ్వు ఒక్క పూటే నిలిచింది. ఇవాళ చైర్మన్ కాగితం అంటించాడు. నూట నలభయ్యో రోజు నుంచి ఆడవాళ్ళెవరూ డ్రిల్లు ఎక్కకూడదు. ఆడవాళ్ళ వరుసల్లో గదులు సోదా చేస్తారు. పడకల మాట అందులో లేదు. ఇంతమందికి ఆరు పడకలు ఏమూలకు, ముందు కట్టడి చేయాలి అన్నాడట.

పగటి దీపాలు వెలగగానే రాజవ్వ నా గుమ్మంలోకి వచ్చింది. డెబ్బై మూడేళ్ళ మనిషి. కర్ర గోడకు ఆనించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే శంకరీ, నేను తాగుబోతునా?"

"గోడ మీద పేర్లు లేవవ్వా."

"పేర్లు లేకపోతేంది. పదిమందిల తొమ్మండుగురని రాసినవట. నిన్న నా కొడుకు నా పెట్టె సోదా చేసిండు. నా చీరెలన్ని కింద పోసిండు. నా కొడుకు."

"చిలక అడిగితే ఏమని చెప్పినవు?"

"ఏం చెప్త. ఉన్నదే చెప్పిన. దినాం వేసుకుంట, మూడు పూటల. మరిస్తె కోడలు యాదికి చేస్తది. డాక్టరమ్మ ఒక్క పూట గూడ బంద్ పెట్టొద్దన్నది."

నేను మంచం మీద కూలబడ్డాను.

"ఏం మందవ్వా?"

"ఎముకల మందు. ఇంకేం మందుంటది?"

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ ఎండ లేదు. ఎముకలు గుల్లబారకుండా ఆసుపత్రి ప్రతి మనిషికీ నెలకో సీసా చుక్కలు ఇస్తుంది. ఆడా మగా అందరూ మూడు పూటలా వేసుకుంటారు. చిలక "మందు తీసుకుంటారా" అంటే రాజవ్వ లాంటి అయిదు వందల ముప్పై ఎనిమిది మంది ఆ సీసా గుర్తు చేసుకుని నిజాయితీగా జవాబు చెప్పారు. మగవాళ్ళు ఆరు వందల పదిహేను మంది ఆ మాటను ఇంకో రకంగా విన్నారు. విని, "ముట్టను" అన్నారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో సహా.

మరి నాకెందుకు తట్టలేదు? రాజవ్వ వెళ్ళాక ఎంతసేపు ఆలోచించినా ఒక్కటే జవాబు. నా చెవికి మందు అంటే అదొక్కటే. నా గూట్లో కూడా ఎముకల సీసా ఉంది, రోజూ వేసుకుంటాను. అయినా చిలక అడిగినప్పుడు ఆ సీసా గుర్తే రాలేదు. తాగేదాన్ని కాబట్టి తాగుడే వినపడింది. వినపడింది కాబట్టి లేదని బొంకాను.

అప్పుడు లేచి మళ్ళీ లెక్క తీశాను. "తీసుకోను" అన్న ఆడవాళ్ళు 72 మంది. చుక్కలు అందరూ వేసుకుంటారు కదా. మరి ఈ డెబ్బై ఇద్దరూ తీసుకోనన్నది ఏ మందు? నాలాగే విన్నారు. గోడ మీద తాగుబోతులని రాసినవాళ్ళంతా తాగనివాళ్ళు. తాగేవాళ్ళంతా "లేదు" అన్నవాళ్ళలో ఉన్నాం.

ఆ జాబితాలో పదిహేడో పేరు ఓదెమ్మ. మొదటి పేరు నేను.

రోజు 126

చైర్మన్ దగ్గరికి పోయి తప్పు నాదేనని చెప్పాను. మందు అనే మాట ఎట్లా రెండుగా విరిగిందో విడమరచి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే, కఠినుడు కాడు. తమ్ముణ్ణి సారా తినేసింది, ఆ దుఃఖం ఆయనకుంది.

"బతికించినవు శంకరమ్మా. మిగతా బాయిలోళ్ళు మన పిల్లలకు సంబంధాలు గూడ ఇయ్యరేమో అని నిద్ర పట్టలే. డ్రిల్లు కాగితం చింపేస్త. గోడ తుడువు. ఆడోళ్ళకు సున్నా రాయి."

"సున్నా ఎందుకు సార్?"

"తప్పని నువ్వే అంటివి గద. మన ఆడోళ్ళు తాగరు."

"అయిదు వందల చిల్లర మంది తాగరు సార్. తాగేటోళ్ళు గూడ ఉన్నరు. మళ్ళ లెక్క తీస్త."

నవ్వు ఆగిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"సున్నా రాస్తె నష్టమేంది? ఇజ్జత్ నిలుస్తది."

"సున్నా రాస్తె పడక గూడ సున్నానే గద."

"ఎవరికన్న నిజంగ కావాలంటె ఇంట్ల ఉంచి చూసుకోవాలె. గోడకెక్కించుకోరు." గొంతు తగ్గించాడు. "మా అమ్మ తాగేది. ఆ ముచ్చట మా ఇంట్ల మాట్లాడుకోం. ఎన్నడు మాట్లాడుకోలే."

"మాట్లాడుకోనందుకు ఆమెకేమన్న మేలైందా సార్?"

నేను సున్నా రాయలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని వచ్చేశాను.

రోజు 132

ఆరు రోజులుగా చిలకను పక్కన పెట్టి కాళ్ళతో లెక్క తీస్తున్నాను. ముందు ఆ డెబ్బై రెండు ఇళ్ళు, తర్వాత మిగతావన్నీ.

పద్ధతి మొదటి ఇంట్లోనే దొరికింది. ప్రశ్న అడిగితే ఎవరూ చెప్పరు. సంచీలోంచి నా చాయ్ గ్లాసు తీసి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాను. "నేను దినాం దీంతోని మూడు తాగుత. నువ్వెన్ని?" అన్నాను. ఆమె గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది, పిల్లల్ని లోపలికి పంపింది. "నాలుగు," అంది. తర్వాత అన్నం పెట్టి కానీ పంపలేదు.

డెబ్బై రెండులో పద్నాలుగు మంది చుక్కలు కడుపుకు సరిపడక మానేసినవాళ్ళు. నిజంగానే ఏ మందూ తీసుకోవడం లేదు. మిగిలిన యాభై ఎనిమిది మంది గ్లాసుల లెక్క చెప్పారు. రోజుకు రెండు గ్లాసులు దాటితే మితిమీరినట్టని డాక్టరమ్మ గీత. అందరూ దాటినవాళ్ళే. పేర్లు రాయనని మాట ఇచ్చాను.

మగవాళ్ళ దగ్గర గ్లాసు పెట్టగానే పోటీ పడి చెప్పారు. ఒకాయన గ్లాసు చిన్నదని కోప్పడ్డాడు. మితిమీరి తాగేవాళ్ళు 309.

తర్వాత గట్టయ్య తాత పాత పుస్తకం తీశాను. తాత అంకెలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. ఇరవై ఏళ్ళ కింద మగవాళ్ళలో వందకు అరవై మూడు, ఆడవాళ్ళలో వందకు రెండు. ఇప్పుడు మగవాళ్ళలో వందకు నలభై ఎనిమిది, ఆడవాళ్ళలో తొమ్మిదిన్నర. ఎర్ర గీత మెల్లగా దిగుతోంది. నీలం గీత వేగంగా ఎక్కుతోంది. అయినా ఇంకా చాలా కిందే ఉంది.

ఎందుకు ఎక్కుతోందని తాత అడిగేవాడు కాదు. నేను అడిగాను. యాభై ఎనిమిది మందీ మాటలు మార్చి మార్చి ఒక్కటే చెప్పారు. పన్నెండేళ్ళ కింద మమ్మల్నీ డ్రిల్లు ఎక్కించారు, బెల్టు ఎక్కించారు. అదే దుమ్ము, అదే ఎనిమిది గంటలు. దిగాక మగవాళ్ళు బెంచీ మీదకు పోతారు, మేం పొయ్యి దగ్గరికి పోతాం. నడుం విరిగిపోతుంటే ఒక గ్లాసు తాగి వంట మొదలుపెడతాం. వాళ్ళు తాగితే అలసట అట, మేం తాగితే చెడిపోవడమట. ఇది రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. తాగుడు మంచిదని నేను అనడం లేదు, అది నా కడుపునే తినేస్తోంది. కానీ నా రోగానికి కూడా ఇంకొకరి అనుమతి కావాలంటే ఒప్పుకోను.

రోజు 133

లెక్క చైర్మన్‌కు ఇచ్చాను. మొత్తం చదివాడు.

"యాభై ఎనిమిది మంది పేర్లేవి?"

"చెప్పనని మాటిచ్చిన."

"పేర్లు లేని లెక్క గాలి లెక్క. నూట నలభయ్యో రోజు సభ పెడుత. గోడ మీద తన పేరు తాను రాసుకున్న ఆడామె ఒక్కతన్న ఉంటె లెక్క నమ్ముత, వాటా ఇస్త. లేకుంటె ఆరు పడకలు మొగోళ్ళకే."

మగవాళ్ళ మూడు వందల తొమ్మిదికి ఒక్క పేరు కూడా అడగలేదు. ఆ సంగతి చెప్పాను. "మొగోళ్ళది అందరికి తెలిసిందే గద," అన్నాడు.

రోజు 136

ఓదెమ్మ మొగుడు మొగిలి పరిగెత్తుకుంటూ వచ్చాడు. గోడ మీద గీత చూసిన రోజు నుంచి వాళ్ళింట్లో గొడవ. నిన్న పొద్దున ఆమె దాచిన సీసా దొరికితే సంపులో పారబోశాడు. బయటికి పోకుండా తలుపు గడియ పెట్టాడు.

నేను వెళ్ళేసరికి ఓదెమ్మ గోడకు ఆనుకుని కూర్చుని చీర మీద చీమలు దులుపుకుంటోంది. చీమలు లేవు. చేతులు, గడ్డం, మోకాళ్ళు అన్నీ వణుకుతున్నాయి.

డాక్టర్ తబస్సుమ్ వచ్చి నాడి చూసింది. విడుపు గది మందులు పడకల లెక్కన తాళం వేసి ఉన్నాయట, పడక కేటాయించకుండా ఒక్క సూది కూడా బయటికి రాదట. ఆ మాట చెప్తుంటే ఆమె కళ్ళు నేలను చూస్తున్నాయి.

"అప్పటిదాకా ఒక్కటే దారి. ఒక్కసారిగ ఆపొద్దు. అర గ్లాసు ఇయ్యండి, సైరన్ సైరన్‌కు. కొలిచి ఇయ్యండి, మించొద్దు."

సైరన్ ఆరు గంటలకోసారి మోగుతుంది. నేను నా సీసా తెచ్చాను. మొగిలి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"నువ్వే నా పెండ్లాన్ని ఖరాబు చేసినవు. ఇప్పుడు మల్ల నువ్వే తాగిపిస్తవా?"

"అవును, నేనే తాగిపిస్త. నువ్వు పారబోసినందుకు సస్తది, నేను పోస్తె నాలుగు దినాలు బతుకుతది. జరుగు."

అతని నోట్లోంచి కూడా గడ్డసారా వాసనే వస్తోంది. ఆ సంగతి అతనికీ తెలుసు. పక్కకు జరిగి, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను అర గ్లాసు కొలిచి ఓదెమ్మ నోట్లో కొంచెం కొంచెంగా పోశాను. కాసేపటికి చీమలు పోయాయి.

"శంకరీ," అంది, "డ్రిల్లు మీద ఎవరున్నరు?"

"ఎవరో ఉన్నరు తియ్యి."

"ఏడో గదిల ఎడమ దిక్కు రాయి బోలుగ మోగుతున్నది. జెప్పు వాళ్ళకు."

వెళ్ళి చెప్పాను. నిజంగానే బోలుగా ఉంది.

రోజు 140

మొదటి షిఫ్టు దిగాక సభ. హాజరు గది నిండిపోయింది. గోడ మీద ఎర్ర సుద్దతో 309. దాని పక్కన నీలం సుద్దతో సున్నా, చైర్మన్ స్వయంగా రాసింది. సున్నా కింద ఖాళీ.

"శంకరమ్మ లెక్క ప్రకారం మన ఆడోళ్ళల్ల యాభై ఎనిమిది మంది మితిమీరి తాగుతున్నరట. ఉంటె వచ్చి పేరు రాయండి. ఎవ్వరు ఏమనరు."

ఎవ్వరు ఏమనరు అని చైర్మన్ చెప్పినప్పుడే బెంచీల మీద నుంచి కిచకిచలు వినిపించాయి. నేను అన్నం తిన్న ఇళ్ళ ఆడవాళ్ళంతా కొంగులు చూసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను. చివర్లో ఓదెమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. మొగిలి భుజం పట్టుకుని ఉన్నాడు. ఆమె లేవబోవడం చూశాను. ఒక్కతే వెళ్ళి ఆ సున్నా కింద నిలబడితే ఈ బాయిలో తాగుబోతు ఆడది అంటే ఇక ఓదెమ్మ ఒక్కతే అవుతుంది. బతికినన్నాళ్ళూ అదే పేరు.

నాకు భయం వేసింది. ఇన్ని రోజులు ఇన్ని మాటలు రాశాను కదా, అవన్నీ ఎవరూ చదవని పుస్తకంలో. ఇంటింటా గ్లాసు పెట్టి చెప్పాను, అవన్నీ గుసగుసలే. ఇక్కడ పన్నెండు వందల మంది ఉన్నారు.

జేబులోని సుద్దముక్క తీసుకుని నడిచాను. సున్నాను కొంగుతో తుడిచేశాను. రాశాను. "శంకరమ్మ. రోజుకు మూడు గ్లాసులు." అక్షరాలు వంకరపోయాయి. మూడో గ్లాసు ఇంకా పడలేదు. అదీ చెప్పాను అందరికీ.

"చిలక అడిగితె లేదని బొంకిన. నాతోని పాటు మొగోళ్ళు మూడు వందల దాక బొంకిన్రు. వాళ్ళు ఇంటికి పోవచ్చు, నేను మాత్రం గోడకు ఎక్కాలె. సరే, ఎక్కిన. చూసుకోండ్రి."

సంచీలోంచి చాయ్ గ్లాసు తీసి గోడ కింద పెట్టాను. ఎవరూ కదల్లేదు.

మొదట వచ్చింది రాజవ్వ. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి తన పేరు రాయమంది.

"నువ్వు తాగవు గదవ్వా," అన్నాను మెల్లగా.

"కొడుకు పెట్టె సోదా చేసిననాటి సంది తాగాలనిపిస్తున్నది. రాయి."

లెక్క చెడిపోతుందని రాయలేదు. కానీ ఆమె కదలకుండా గోడ పక్కనే నిలబడింది, ఎవరైనా నవ్వితే కర్ర ఎత్తడానికి. ఆమె వెనక ఓదెమ్మ వచ్చింది. మొగిలి చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. "ఓదెమ్మ. అయిదు," అని రాసింది. తర్వాత మొదటి రోజు నాలుగు గ్లాసులని చెప్పి అన్నం పెట్టిన ఆమె. తర్వాత బెల్టు మీద పనిచేసే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు. ఒకామె "సు" దాకా రాసింది, వాళ్ళాయన వచ్చి చేయి పట్టుకుని లాక్కుపోయాడు. ఆ "సు"ను చెరపనివ్వలేదు. లెక్కలో వేసుకున్నాను. అన్నీ కలిపి ఇరవై మూడు.

యాభై ఎనిమిది రాలేదు. మిగతావాళ్ళు కొంగులు చూసుకుంటూనే ఉన్నారు. పర్వాలేదు, వాళ్ళ కోసం కూడా రాసుకున్నాం.

చైర్మన్ గోడ ముందు నిలబడి ఒక్కో పేరు చదివాడు. చదివినంతసేపూ ఆయన పెదాలు కదిలాయి. ఒకరు లేచి, ఇంత తాగేవాళ్ళను డ్రిల్లు ఎట్లా ఎక్కిస్తారని అడిగారు.

"రెండు గ్లాసులు దాటినోళ్ళందరిని దింపుండ్రి," అన్నాను. "మొగోళ్ళతోని మొదలువెట్టుండ్రి. మూడు వందల తొమ్మిది మంది దిగినంక డ్రిల్లు ఎవరు నడుపుతరో నేను గూడ చూస్త."

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు. అడిగినాయన కూర్చున్నాడు.

యాభై ఎనిమిదికీ మూడు వందల తొమ్మిదికీ ఆరు పడకలు పంచితే ఆడవాళ్ళ వాటాకు వచ్చింది ఒక్కటి. ఇంత చేస్తే ఒక్కటి. లెక్క నాదే, వాదించలేను.

"మొదటి పేరు నీది," అన్నాడు చైర్మన్. "పడక నీదే. రేపటి సంది లెక్క మనిషివి మాత్రం కావు. బొంకినోళ్ళతోని లెక్క రాపియ్యలేను."

"లెక్క పని తీసేయండి సార్, ఆ మాట న్యాయమే. నా పేరు మాత్రం గోడ మీద ఉండనియ్యండి. పడక ఓదెమ్మకు ఇయ్యండి."

ఆయన డాక్టర్ తబస్సుమ్ వైపు చూశాడు. ఆమె తల ఊపకముందే తాళంచెవి తీసి చేతిలో పట్టుకుంది.

రోజు 171

కొత్త లెక్క మనిషి ఇంకా దొరకలేదట. ఎవరూ అడగలేదు కాబట్టి పుస్తకం నా దగ్గరే ఉంది. రాస్తున్నాను.

గాలి పంకాల్లో ఒకటి ఆగింది, బాగు చేస్తున్నారు. సంపులో నీళ్ళు నడుం లోతు. పైన ఎండ అరవై రెండు.

ఓదెమ్మ తాగి ఇవాళ్టికి ముప్పై ఒక్క రోజులు. మానేసిందని రాయను, ముప్పై ఒక్క రోజులు అని రాస్తాను. కళ్ళు తెల్లబడ్డాయి. రేపటి నుంచి మళ్ళీ డ్రిల్లు. ఇవాళ షిఫ్టు దిగే వేళకు వచ్చి హాజరు గది ముందు మగవాళ్ళ బెంచీ మీద కూర్చుంది. "జరుగు," అంటే పక్కాయన జరిగాడు. చాయ్ తాగింది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి గోడ మీద పేర్లు కనిపిస్తాయి. తుడవమని చైర్మన్ ఎవరికీ చెప్పలేదు. "సు" కింద ఎవరో మిగతా అక్షరాలు పూర్తి చేశారు. సుజాత.

సాయంత్రం సైరన్ అయింది. వరుసలో మొదటి గది కాబట్టి చిలక ముందు నన్నే అడిగింది. ప్రశ్న నేను రాసిచ్చిందే, డాక్టరమ్మ పట్టుబట్టి పెట్టించింది.

"గడ్డసారా రోజుకు ఎన్ని చాయ్ గ్లాసులు?"

"ఒకటిన్నర," అన్నాను.

చిలకకు సగాలు తెలియవు. "దయచేసి అంకె చెప్పండి," అంది అదే తియ్యని గొంతుతో.

"ఒకటిన్నర. పోయిన నెల మూడు. సగం గూడ రాసుకో."